చాక్లెట్‌కీ పూస కట్టాలి

మంచి చాక్లెట్ బార్ విరిస్తే టప్‌మంటుంది. విరిగిన అంచు నున్నగా ఉంటుంది, పొడి రాలదు. అదే బార్ మే నెల మధ్యాహ్నం జూబ్లీహిల్స్ నుంచి కూకట్‌పల్లికి బైక్ మీద వచ్చి, మెత్తబడి, ఇంటి ఫ్రిజ్‌లో మళ్లీ గట్టిపడిందనుకోండి. ఇక చప్పుడు చేయదు, పొరలుపొరలుగా చిట్లుతుంది, పైన బూడిదరంగు చారలు తేలతాయి. అది బూజు కాదు, తింటే ప్రమాదమేమీ లేదు. దినుసులన్నీ అవే. మారిందల్లా అందులోని కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు, పేరుకున్న తీరు.

నేతి గిన్నె ముందు పెట్టుకుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. కాచిన నెయ్యిని వంటింటి గట్టు మీద వదిలేస్తే నెమ్మదిగా చల్లారి పూస కడుతుంది. వేడివేడిగా ఫ్రిజ్‌లో తోస్తే పూస లేని ముద్దగా గడ్డకడుతుంది. కోకో బటర్‌ది ఇంతకన్నా పెద్ద పేచీ. అది ఆరు రకాల స్ఫటికాలుగా పేరుకోగలదు. మొదటి రకం 17 డిగ్రీలకే కరిగిపోతుంది, నాలుగోది 27కి, ఐదోది దాదాపు 34కి, ఆరోది 36కి. చాక్లెట్‌కి కావలసింది ఐదో రకం. ఒంటి వేడి 37 కన్నా అది కాస్త కిందే ఉంది కనుక డబ్బాలో గట్టిగా నిలుస్తుంది, నాలుక మీద పెడితే కరుగుతుంది. కరగడానికి కావలసిన వేడిని నాలుక నుంచే లాక్కుంటుంది కాబట్టి ఆ క్షణాన లీలగా చల్లదనం తగులుతుంది. అందుకే మంచి ముక్కను నమిలేయకూడదు. ఒకసారి కొరికి, నాలుకకీ అంగిలికీ మధ్య వదిలేయాలి.

ఐదో రకాన్ని రప్పించే పనినే టెంపరింగ్ అంటారు. ఇది మన పాలకు తోడు వేయడం లాంటిదే. 200 గ్రాముల డార్క్ చాక్లెట్ తీసుకుని 140 గ్రాములు సన్నగా తరిగి, వేడినీళ్ల గిన్నె మీద పెట్టి 45 డిగ్రీల దాకా కరిగించాలి. అప్పుడు పాత స్ఫటికాలన్నీ పోతాయి. కిందికి దించి, మిగిలిన 60 గ్రాముల ముక్కలు వేసి, 31-32 డిగ్రీలకు దిగేదాకా కలుపుతూనే ఉండాలి. ఆ ముక్కల్లోని ఐదో రకం స్ఫటికాలే తోడు. మిల్క్ చాక్లెట్ అయితే 29-30 దాకా దించాలి. కత్తి మొన ముంచి పక్కన పెడితే ఐదు నిమిషాల్లో మెరుస్తూ ఆరాలి. తోడు పులిస్తే పెరుగూ పులుస్తుంది కదా, చారలు పడ్డ బార్‌ని ఇక్కడ తోడుగా వాడకూడదు. ఏసీ 22లో లేకపోతే ఏప్రిల్‌లో ఈ పని పెట్టుకోవద్దు. గది 30 దాటితే చాక్లెట్ ఆరనే ఆరదు.

దాచడంలోనే చాలా ఇళ్లలో చాక్లెట్ పాడవుతుంది. దానికి నప్పేది 16-18 డిగ్రీల పొడి చోటు. హైదరాబాద్ ఎండాకాలంలో అలాంటి చోటు ఉండదు కనుక ఫ్రిజ్ తప్పదు. కానీ ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే విప్పితే చల్లటి నీళ్ల సీసాకి పట్టినట్టే దానికీ చెమ్మ పడుతుంది. ఆ చెమ్మలో పైపొరలోని చక్కెర కరిగి, ఆరాక గరుకు పొరగా మిగులుతుంది. ఈ మచ్చ వేరు, వేడికి వచ్చే కొవ్వు మచ్చ వేరు. వేలితో మెల్లగా రుద్దితే కొవ్వు మచ్చ కరిగి మాయమవుతుంది, చక్కెర మచ్చ గరగరలాడుతూ అలాగే ఉంటుంది. కాబట్టి బార్‌ని బటర్ పేపర్‌లో చుట్టి, గాలి తీసేసిన జిప్ కవర్‌లో పెట్టి, దాన్ని గాలి చొరని డబ్బాలో ఉంచి, కూరగాయల అరలో పెట్టాలి. తినబోయే ముందు డబ్బా మూత తీయకుండానే రెండు గంటలు బయట ఉంచాలి. డబ్బా మరీ అవసరం, ఎందుకంటే చాక్లెట్‌లోని కొవ్వు చుట్టుపక్కల వాసనలు పీల్చుకుంటుంది. ఉల్లిపాయ, ఇంగువ పక్కన వారం ఉన్న చాక్లెట్‌ని ఏ చిట్కా బాగుచేయలేదు. క్రీమ్‌తో చేసిన ట్రఫుల్స్, బాన్‌బాన్లలో నీరు ఉంటుంది కనుక అవి బార్లలా నెలలు ఆగవు. ఎన్ని రోజుల్లో తినాలో కొనేటప్పుడే అడగండి.

కొనేటప్పుడు దినుసుల జాబితా చదవండి. కోకో బటర్ బదులు హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ ఉంటే అది కాంపౌండ్. దానికి టెంపరింగ్ అక్కర్లేదు, కేకుల మీద పూయడానికి సులువు, కానీ నోట్లో మైనంలా అంటుకుంటుంది. రేపర్ మీద 70 శాతం అని ఉంటే అది కోకో గింజల ముద్ద, కోకో బటర్ కలిపి. మిగతాది దాదాపు చక్కెరే. మంచి చాక్లెట్ కోసం ఇప్పుడు దూరం వెళ్లక్కర్లేదు. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ చెట్ల నీడన కోకో పండుతోంది. ఆ గింజలతోనే బంజారాహిల్స్‌లో 2023లో ‘మనం చాక్లెట్’ అనే షాపు తెరుచుకుంది. గింజలను ఐదారు రోజులు పులియబెట్టడంలోనే రుచికి పునాది పడుతుంది. ప్రపంచమంతటా చిన్న తయారీదార్లు వాటిని రుబ్బే రాతి యంత్రం మన ఇడ్లీ పిండి వెట్ గ్రైండర్ నుంచి వచ్చిందే!

ఇక హాట్ చాక్లెట్. షాపులో ముందుగా అడగాల్సింది ఒకటే: పొడితో చేస్తారా, చాక్లెట్ కరిగించి చేస్తారా? 1828లో హాలండ్‌లో వాన్ హౌటెన్ పేటెంట్ పొందిన ప్రెస్ గింజల ముద్దలోంచి కొవ్వును చాలావరకు పిండేసింది. మిగిలిన పిండి నుంచే కోకో పౌడర్ పుట్టింది. చాక్లెట్‌లో ఆ కొవ్వు నిండుగా ఉంటుంది కనుక కప్పు చిక్కగా, రుచి ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇద్దరికి 300 మిల్లీలీటర్ల పాలు, 65-70 శాతం డార్క్ చాక్లెట్ 80 గ్రాములు, చిటికెడు ఉప్పు. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం కొవ్వు ఉంటుంది. అది కోకోలోని పండ్ల పులుపును కప్పేస్తుంది, అందుకని ఖరీదైన చాక్లెట్‌కి 3 శాతం టోన్డ్ పాలే మేలు. చిక్కగా కావాలంటే చెంచాడు కార్న్‌ఫ్లోర్ చల్లటి పాలలో కలిపి, చాక్లెట్ వేయకముందే రెండు నిమిషాలు ఉడకనివ్వాలి. 90 డిగ్రీలు దాటితే గానీ అది పూర్తిగా చిక్కబడదు.

పాలు అంచుల్లో చిన్న బుడగలు వేయగానే దించి, తరిగిన చాక్లెట్ మీద ముందు 60 మిల్లీలీటర్లు పోసి ఒక్క నిమిషం ఆగండి. మధ్యలోంచి గుండ్రంగా తిప్పండి. మొదట విరిగినట్టు గరుకుగా కనబడుతుంది. భయపడొద్దు, తిప్పుతూనే ఉంటే నిగనిగలాడే ముద్ద అవుతుంది. కొవ్వు సన్నటి బొట్లుగా విడిపోయి నీటిలో కలిసిపోయిందన్నమాట. కరిగిన చాక్లెట్‌లో నాలుగు చుక్కల ఆవిరి నీళ్లు పడితే మాత్రం పరిస్థితి వేరు. చక్కెర, కోకో రేణువులు ఆ కాస్త చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుని ఇసకముద్ద అవుతుంది. టెంపరింగ్‌కి ఇక పనికిరాదు. ఇంకా వేడిపాలు పోసి తాగేయడమే దారి.

మిగతా పాలు పోసి, సన్న సెగ మీద చెక్క కవ్వంతో నిమిషం పాటు చిలకండి. మెక్సికోలో మొలినియో అనే చెక్క కవ్వం వాడేదీ ఈ నురగ కోసమే. మరిగించొద్దు, సువాసన ఆవిరవుతుంది, నూనె పైకి తేలుతుంది. మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాటికి పుడ్డింగ్‌లా బిగుసుకుంటుంది. రెండు చెంచాల పాలు చేర్చి, సన్న సెగ మీద మళ్లీ కవ్వం ఆడిస్తే సరి.