యుద్ధాన్ని మతనీతి సమర్థిస్తుందా? తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

ప్రపంచంలో ఎక్కడ యుద్ధం మొదలైనా నాకు రెండు రకాల మెసేజ్‌లు వస్తాయి. ఒకటి 'తస్మాద్యుధ్యస్వ భారత' అనే గీతా వాక్యం, దాని కింద జెండా బొమ్మ. రెండోది 'ఈ మతాల వల్లే కదా ఇదంతా' అనే నిట్టూర్పు. కాలేజీలో తత్వశాస్త్రం, అందులోనూ వివిధ మతాల నీతిశాస్త్రం చెబుతాను కాబట్టి రెండు వర్గాల వాళ్లూ నన్ను తమ తరఫున సాక్ష్యం చెప్పమంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కాలపు యుద్ధాన్ని మతనీతితో సమర్థించడం అసాధ్యం కాదు, కానీ చాలా కష్టం. మతనీతి యుద్ధానికి ముందు, యుద్ధం జరుగుతుండగా, యుద్ధం ముగిశాక, మూడుసార్లూ లెక్క అడుగుతుంది. మన చర్చలు మాత్రం మొదటి లెక్క దగ్గరే ఆగిపోతాయి.

అపోహ: మతం అంటేనే అహింస. నిజమైన భక్తుడు యుద్ధాన్ని ఒప్పుకోడు.

అలా నమ్మినవాళ్లు ఉన్నారు, వాళ్లంటే నాకు చాలా గౌరవం. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు 17వ శతాబ్దం నుంచి ఆయుధం పట్టబోమని చెబుతూ వచ్చారు. మన పాలమూరు ప్రాంతంలో చర్చిలు, ఆసుపత్రులు నడిపిన మరో క్రైస్తవ శాఖ మెన్నోనైట్లదీ అదే సంప్రదాయం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మెన్నోనైట్ యువకులు చాలామంది సైన్యానికి బదులు అడవుల్లో, మానసిక వైద్యశాలల్లో పనిచేశారు.

కానీ ఇది మతాలన్నిటి మాట కాదు. జైనం సైతం సన్యాసికి పూర్తి అహింస చెప్పి, గృహస్థుకు ఆత్మరక్షణలో జరిగే హింసను వేరుగా చూసింది. వేరే దారులన్నీ మూసుకుపోయాకే కత్తి దూయడం ధర్మమని గురు గోవింద్ సింగ్ 1705లో ఔరంగజేబుకు రాసిన జఫర్‌నామాలో అన్నారు. గాంధీ కూడా 1920లో, పిరికితనమా హింసా అని ఎంచుకోవాల్సి వస్తే హింసనే సలహా ఇస్తానని రాశారు.

అశోకుడి సంగతి మనకు మరీ దగ్గరిది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన 13వ శాసనం ఉంది. కళింగలో లక్ష మంది చనిపోయారని, లక్షన్నర మందిని తరలించారని, అంతకు ఎన్నో రెట్ల మంది నశించారని చెప్పి, అందుకు పశ్చాత్తాపపడుతున్నానంటాడు. అదే శాసనంలో అడవి ప్రజలను హెచ్చరిస్తూ, పశ్చాత్తాపపడుతున్నా శిక్షించే బలం తనకు ఉందనీ గుర్తు చేస్తాడు. సైన్యాన్ని రద్దు చేసిన రాజు కాదాయన. ఇంకో విషయం: కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ బండల మీద ఈ శాసనం చెక్కించలేదు. దెబ్బ తిన్నవాళ్ల ముందు ఆ అంకెలు చదివించడానికి మనసొప్పలేదేమో అని నేను అనుకుంటాను.

అపోహ: గీత 'యుద్ధం చెయ్యి' అంది. ఇంక చర్చ ఏముంది?

గీత వచ్చేది భీష్మ పర్వంలో. దానికి ముందు ఉద్యోగ పర్వం మొత్తం ఉంది. ద్రుపదుడి పురోహితుడు వెళ్లాడు, సంజయుడు వచ్చాడు, చివరికి కృష్ణుడే హస్తినకు బయలుదేరాడు. రాజ్యంలో సగం అడిగే హక్కున్నవాళ్లు ఐదూళ్లకు దిగివచ్చారు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనని దుర్యోధనుడు అన్నాకే శంఖాలు మోగాయి. తెల్లవార్లూ కూర్చుని రాయబారం నాటకం చూసిన జాతి మనది. ఈ క్రమం మనకు ఒకరు చెప్పాలా? మరి గీతను పట్టుకున్నప్పుడు రాయబారాన్ని ఎందుకు వదిలేస్తామో నాకు అర్థం కాదు. బలరాముడు ఏ పక్షానా చేరకుండా తీర్థయాత్రకు వెళ్లిపోయాడు. ఆయన్ని భారతం ద్రోహి అనలేదు.

ఈ కొలతతో 2003 ఇరాక్ యుద్ధాన్ని చూడండి. ఐక్యరాజ్య సమితి తనిఖీ బృందం అధిపతి హాన్స్ బ్లిక్స్ మార్చి 7న భద్రతా మండలిలో, మిగిలిన పనికి ఏళ్లూ కాదు వారాలూ కాదు, నెలలు పడుతుందని చెప్పారు. మార్చి 20న దాడి మొదలైంది. వెతికిన సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలు దొరకలేదు. శాంతియుత మార్గాలు పూర్తి కాకముందే యుద్ధంలోకి దిగారని, అది చివరి మార్గం కాదని బ్రిటన్‌లో చిల్కాట్ విచారణ 2016లో తేల్చింది. రాయబారం మధ్యలో ఉండగా యుద్ధం మొదలుపెట్టారన్నమాట. 'మిగతా దారులన్నీ ప్రయత్నించారా' అనే ప్రశ్న భారతంలోనూ ఉంది, జఫర్‌నామాలోనూ ఉంది, కాథలిక్ నీతిలోనూ ఉంది. ఇరాక్ యుద్ధం ఆ మూడింటి దగ్గరా తప్పింది.

అపోహ: కారణం న్యాయమైతే ఎలా పోరాడినా న్యాయమే.

నా అనుభవంలో చదువుకున్నవాళ్లు కూడా ఎక్కువగా పడిపోయే గుంత ఇదే. కారణం ఒక ప్రశ్న, పద్ధతి వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు సరిగ్గా ఉన్నంత మాత్రాన రెండోది తీరిపోదు.

హిట్లర్‌ను ఆపడం న్యాయమా అంటే, న్యాయమే. మరి జర్మన్ నగరాల్లో ఇళ్లూ కార్ఖానాలూ తేడా లేకుండా బాంబులు వేయడం? చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్ 1944 ఫిబ్రవరి 9న లండన్‌లో ప్రభువుల సభలో లేచి అడిగింది ఇదే. ఆయన నాజీలకు బద్ధ వ్యతిరేకి, యుద్ధానికి వ్యతిరేకి కాదు. సొంత దేశం గెలుస్తున్న వేళ ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. 1956లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, జపాన్ మీద అణుబాంబులు వేయించిన అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు గౌరవ డిగ్రీ ఇవ్వబోతే, ఎలిజబెత్ ఆన్స్‌కోమ్ అనే కాథలిక్ తత్వవేత్త అడ్డం నిలబడ్డారు. హిరోషిమా, నాగసాకిలో పౌరులను చంపడమే సాధనంగా వాడుకున్నారని, ఫలితం ఎంత మంచిదైనా అది హత్యేనని ఆమె వాదన. డిగ్రీ ఎలాగూ ఇచ్చేశారు. వాదన మాత్రం ఇప్పటికీ క్లాసులో చెబుతూనే ఉన్నాం.

ఇవి పాశ్చాత్యులు కొత్తగా కనిపెట్టిన మాటలు కావు. మనుస్మృతి వర్ణవ్యవస్థ మీద నాకు తీవ్రమైన అభ్యంతరాలు ఉన్నాయి, దాచుకోను. అయినా ఏడో అధ్యాయంలో విషం పూసిన బాణాలు, మండే బాణాలు వద్దని, నిద్రపోతున్నవాణ్ణి, ఆయుధం లేనివాణ్ణి, ఊరికే చూస్తున్నవాణ్ణి చంపకూడదని ఉంది. మొదటి ఖలీఫా అబూబకర్ సైన్యాన్ని పంపుతూ ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను చంపొద్దని, కాయలు కాసే చెట్లు నరకొద్దని చెప్పారు. ముట్టడిలో ఉన్న ఊరి పండ్ల చెట్లను కొట్టొద్దని యూదుల ధర్మశాస్త్రం ద్వితీయోపదేశకాండంలో చెబుతుంది. చెట్టు విషయంలోనే ఇంత పట్టింపు ఎందుకంటే, సైన్యాలు వెళ్లిపోయాక ఆ ఊరు బతకాలి. ఇప్పుడు ఆ చెట్టు స్థానంలో పవర్ స్టేషన్, నీళ్ల ప్లాంటు, ఆసుపత్రి ఉన్నాయి. కరెంటు పోతే నీళ్ల పంపులు ఆగుతాయి, డయాలసిస్ ఆగుతుంది, ఇంక్యుబేటర్‌లో బిడ్డ పోతుంది. ఆ చావులు ఆ రోజు బులెటిన్‌లో రావు. నీతి లెక్కలోకి మాత్రం వస్తాయి.

సౌప్తిక పర్వంలో నిద్రపోతున్న శిబిరాన్ని ఊచకోత కోసిన అశ్వత్థామకూ ఒక కారణం ఉంది: తండ్రిని అబద్ధంతో పడగొట్టారు. కారణం ఉన్నా భారతం అతన్ని క్షమించలేదు. ఆ తర్వాత రెండు మహాస్త్రాలు ఎదురెదురైతే వ్యాసుడు, నారదుడు మధ్యలో నిలబడ్డారు. అస్త్రాన్ని అస్త్రంతో కొడితే ఆ దేశంలో 12 ఏళ్లు వాన పడదట. అర్జునుడు వెనక్కి తీసుకున్నాడు. అశ్వత్థామకు ఆ శక్తి లేక దాన్ని గర్భస్థ శిశువు మీదికి మళ్లించాడు. వదలడం తెలిసి ఆపడం తెలియని చేతిలో ఆయుధం ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి కథ దొరకలేదు.

అపోహ: మతపెద్దలు దీవిస్తే అది ధర్మయుద్ధమే.

రష్యా సైనిక సమీకరణ ప్రకటించిన నాలుగు రోజులకు, 2022 సెప్టెంబర్ 25న, రష్యా ఆర్థడాక్స్ చర్చి అధిపతి, మాస్కో పేట్రియార్క్ కిరిల్ తన ప్రసంగంలో సైనిక విధిలో ప్రాణమిచ్చినవాడి పాపాలన్నీ కడిగేసుకుపోతాయని అన్నారు. 2024 మార్చిలో ఆయన అధ్యక్షతన జరిగిన సభ ఉక్రెయిన్ యుద్ధాన్ని పవిత్ర యుద్ధం అంది. ఆయన సొంత సంప్రదాయమే దీనికి అడ్డం. నాలుగో శతాబ్దపు సెయింట్ బాసిల్, యుద్ధంలో చంపడాన్ని హత్యతో సమానం చేయకుండానే, అలా చంపినవాళ్లు మూడేళ్లు ప్రభువు బల్లకు, అంటే చర్చిలో పవిత్రమైన రొట్టె, ద్రాక్షరసం అందుకోవడానికి దూరంగా ఉండటం మంచిదని సలహా ఇచ్చాడు. పదో శతాబ్దంలో బైజాంటియం చక్రవర్తి నికెఫొరస్ ఫోకాస్ చనిపోయిన సైనికులను అమరవీరులైన పునీతులుగా ప్రకటించమంటే, పేట్రియార్క్ పాల్యూక్టస్ బాసిల్ మాటనే చూపించి కుదరదన్నాడు. చక్రవర్తికే కాదన్న పీఠాలు ఒకప్పుడు ఉండేవి.

పెద్దలు అన్ని వేళలా తప్పే చెబుతారని కాదు. 2014 జూన్‌లో మోసుల్ ఇస్లామిక్ స్టేట్ చేతికి చిక్కాక ఇరాక్ షియాల పెద్ద మతగురువు అయతుల్లా సిస్తానీ ఇరాకీలను భద్రతా దళాల్లో చేరి పోరాడమన్నారు. అది రక్షణ యుద్ధం, పిలుపు న్యాయమైనదే. ఆయన అక్కడ ఆగలేదు. 2015 ఫిబ్రవరిలో యోధులకు నియమాలు ఇచ్చారు: ముసలివాళ్లను, పిల్లలను ముట్టుకోవద్దు, దోచుకోవద్దు, శవాలను అవమానించొద్దు. కొన్ని దళాలు ఆ మాట వినలేదు, అదీ నిజమే. అయినా పిలుపుతో పాటు హద్దు కూడా గీసిన పెద్దకూ, పాపాలు పోతాయని చెప్పిన పెద్దకూ తేడా తెలియాలి.

అపోహ: ధర్మం కోసం చంపినవాడికి బాధ ఉండకూడదు.

గెలిచాక ధర్మరాజు సింహాసనం వద్దన్నాడు. శాంతి పర్వం మొదలయ్యేదే ఆ దుఃఖంతో. శ్రీలంక బౌద్ధ చరిత్ర గ్రంథం మహావంశంలో దుట్ఠగామణి రాజు చంపినవాళ్లను తలచుకుని కుమిలిపోతుంటే, మిగతావాళ్లు బౌద్ధం పాటించనివాళ్లు కాబట్టి చనిపోయినవాళ్లలో మనుషులుగా లెక్కకొచ్చేది ఒకటిన్నర మందేనని భిక్షువులు ఓదార్చారట. మతగ్రంథాల్లో నన్ను బాగా భయపెట్టిన వాక్యాల్లో అదొకటి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన జవానుకు నిద్ర పట్టకపోతే అది బలహీనత కాదు, అతని మనస్సాక్షి బతికే ఉందన్నమాట. 'నువ్వు హీరోవి, మర్చిపో' అనకుండా అతని పక్కన కూర్చుని వినండి.

అపోహ: అయితే ఈ కాలంలో ఏ యుద్ధమూ ఈ పరీక్ష నెగ్గదు.

పోప్ ఫ్రాన్సిస్ దాదాపు అక్కడికే వచ్చారు. పాత కొలమానాలతో న్యాయమైన యుద్ధం గురించి మాట్లాడటం నేడు చాలా కష్టమని 2020లో రాశారు. నేను అంత దూరం వెళ్లలేను. 1971నే తీసుకోండి. తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) నుంచి సుమారు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. ఇందిరా గాంధీ పాశ్చాత్య రాజధానులు తిరిగి ప్రపంచాన్ని కదిలించాలని చూశారు. డిసెంబర్ 3న పాకిస్తాన్ వైమానిక దాడి చేసింది, 16న ఢాకాలో లొంగిపోయింది. మార్చి 1972 నాటికి మన సైన్యం బంగ్లాదేశ్ నుంచి వెనక్కి వచ్చేసింది, అక్కడి నేలను ఉంచుకోలేదు. పాకిస్తాన్‌ను బలహీనపరచాలన్న కోరిక ఢిల్లీలో లేదని ఎవరూ అనలేరు. డిసెంబర్‌కు ముందే సరిహద్దులో మన పాత్ర ఉంది. సంకల్పం పూర్తిగా శుద్ధం కాకపోయినా, గత వందేళ్లలో పరీక్షకు దగ్గరగా వచ్చిన యుద్ధం ఏదంటే నేను దీన్నే చెబుతాను.

ఉక్రెయిన్ ఆత్మరక్షణ కూడా నా దృష్టిలో న్యాయమైనదే. అయినా దానినీ పద్ధతి గురించి అడగాలి. 2023 జూలైలో అమెరికా ఉక్రెయిన్‌కు క్లస్టర్ బాంబులు, అంటే గాల్లో విడిపోయి చిన్న బాంబులు చల్లేవి, ఇస్తున్నట్టు ప్రకటించింది. రష్యా అప్పటికే వాటిని వాడుతోంది. సొంత నేల మీద, సొంత ప్రాణాల కోసం వాడుకుంటే తప్పేంటని నా విద్యార్థులు వాదించారు, వాదనలో బలం ఉంది. కానీ పేలకుండా మిగిలిన చిన్న బాంబులు పొలాల్లో ఉండిపోతాయి, యుద్ధం ముగిసిన ఏళ్ల తర్వాత కూడా దున్నే రైతును, ఆడుకునే పిల్లలను చంపుతాయి. వీటిని నిషేధించే 2008 ఒప్పందంలో రష్యా, ఉక్రెయిన్, అమెరికా, భారత్ చేరలేదు. సంతకాలు మొదలైన రోజే ఆమోదపత్రం కూడా ఇచ్చిన కొద్ది పక్షాల్లో వాటికన్ ఒకటి. ఉక్రెయిన్ గెలవాలని కోరుకుంటూనే ఆ బాంబులు వద్దని నేను వాళ్లకు చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను.