మాగాయ ఊట, నెత్తుటి లోటు

ఒక పాఠకుడు అడిగారు: "మా తమ్ముడు బైక్ మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. కాజువాలిటీలో హిమోగ్లోబిన్ 13, షుగర్ 190 అన్నారు. మర్నాడు పొద్దున చూస్తే హిమోగ్లోబిన్ 8, షుగర్ మామూలే. వాడికి 23 ఏళ్లు, షుగర్ జబ్బు లేదు. మెషీన్ తప్పా?"

మెషీన్ సరిగ్గానే చెప్పి ఉంటుందండీ. తొడ ఎముక విరిగితే బయటికి చుక్క కనిపించకపోయినా లోపల లీటరు నెత్తురు కండలోకి కారిపోగలదు. ఒంట్లో మొత్తం ఉండేదే సుమారు 5 లీటర్లు.

హిమోగ్లోబిన్ సంగతి తేలిక. చెంబుడు మజ్జిగలో సగం ఒలికిపోయినంత మాత్రాన మిగిలిన సగం పలచబడదు. నీళ్లు పోస్తేనే పలచబడుతుంది. 13 అనేది చిక్కదనం లెక్క. మరి రాత్రికి రాత్రి నీళ్లు పోసిందెవరు? కొంత డాక్టర్లు, సెలైన్‌తో. కొంత ఒళ్లే పోసుకుంది.

గుండె దడ, చల్లచెమటలు, బీపీ గురించి అందరూ రాస్తారు కాబట్టి వదిలేస్తాను. చిన్న ధమనులు బిగుసుకుంటాయి, వాటి తర్వాత వచ్చే కేశనాళికల్లో ఒత్తిడి పడిపోతుంది అన్నది చాలు. అప్పుడు నెత్తుట్లోని ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లు కణాల మధ్య ఉన్న ఉప్పునీటిని నాళంలోకి లాగుతాయి. ఈ లాగుడు సంగతి ఇంగ్లండ్ శరీరధర్మ శాస్త్రవేత్త స్టార్లింగ్ 1896లోనే చెప్పాడు. ఆ నీరు పది లీటర్ల దాకా ఉంటుంది. అంతకు రెండింతలకు పైగా కణాల లోపల ఉంది. దాన్ని బయటికి రప్పించడమెలా?

మాగాయ పెట్టేవాళ్లకి తెలుసు. ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెడతారు. చుక్క నీరు పొయ్యరు. మూడో రోజు మూత తీస్తే ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. ఉప్పు ముక్క బయట ఉండిపోయింది కాబట్టి లోపలి నీరు దాని దగ్గరికి వచ్చింది. ఉప్పు చటుక్కున ముక్కలోకి దూరిపోతే ఊట ఊరదు. బడిలో ద్రవాభిసరణం అని నిర్వచనం బట్టీ పట్టించి రెండు మార్కులు వేస్తారు గానీ, జాడీ మూత తీసి చూపించేవాళ్లు తక్కువ.

నెత్తురు పోయినప్పుడు లివర్ చేసేది ఇదే. ప్రమాదంలో ఒళ్లు వదిలే అడ్రినలిన్ అనే హార్మోన్ అందగానే, గ్లైకోజన్‌గా దాచుకున్న చక్కెర నిల్వని విరగ్గొట్టి గ్లూకోజ్ వదులుతుంది. అదే అడ్రినలిన్ ఇన్సులిన్‌ని అణిచేస్తుంది. ఇన్సులిన్ లేనిదే కండ కణాల తలుపు సరిగా తెరుచుకోదు. గ్లూకోజ్ బయటే నిలబడి ఉప్పు పాత్ర పోషిస్తుంది, కణాల్లోంచి ఊట బయలుదేరుతుంది. మీ తమ్ముడి 190 ఈ ఊట కోసం.

లెక్క చూడండి. షుగర్ 90 పెరిగితే 5 మిల్లీ ఆస్మోల్ (నీటిని లాగే కరిగిన కణికలను లెక్కపెట్టే కొలత). ఒక్కో మిల్లీ ఆస్మోల్ 19 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడితో సమానం, అంటే కణపు పొర దగ్గర 95. కేశనాళిక దగ్గర ప్రొటీన్ల లాగుడు 25 మాత్రమే. అయినా దీనివల్ల వచ్చే నీరు చిన్న గ్లాసుడే, ఎందుకంటే కాస్త ఊరగానే రెండువైపులా సాంద్రత సమానమైపోతుంది. నెత్తురు ఇంకా పోతుంటే షుగర్ ఇంకా పెరుగుతుంది, ఆక్సిజన్ చాలని కండల్లోంచి వచ్చే లాక్టేట్ కూడా నీటిని లాగడానికి కలుస్తుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, ముందు రోజంతా పస్తున్నవి నెత్తురు పోతే తట్టుకోలేకపోయాయి. లివర్‌లో నిల్వ అయిపోవడం ఒక కారణం. (అలాగని యాక్సిడెంట్ అయినవాళ్ల నోట్లో పంచదార నీళ్లు పొయ్యకండి. ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.)

సమయానికి రక్తం ఎక్కించకపోతే ఊట వెనక్కి తిరుగుతుంది. ఆక్సిజన్ అందని కణం ఒక్కో గ్లూకోజ్ నుంచి సుమారు 30 ఏటీపీలకు (కణం శక్తిగా ఖర్చుపెట్టుకునే అణువులకు) బదులు రెండే తీస్తుంది. సోడియంని బయటికి తోసే పంపులు నీరసిస్తాయి. సోడియం లోపలికి, దాని వెంటే నీరూ లోపలికి. కణాలు ఉబ్బుతాయి. దీన్ని 1970లలో డాలస్ సర్జన్ టామ్ షైర్స్ బృందం కండ కణాల్లో కొలిచి చూపించింది.

మీ తమ్ముడు అంతదాకా పోలేదు. మర్నాటికి షుగర్ దిగిందంటే అడ్రినలిన్ దిగింది, ఇన్సులిన్ తిరిగొచ్చింది. ఆ 8 మాత్రం అసలు లెక్క. నీళ్లు ఒక్క రాత్రిలో కలిశాయి, ఎర్ర కణాలు తయారవడానికి వారాలు పడుతుంది.