కేసు కొట్టేసినా రికార్డు పోదు: పోలీస్ వెరిఫికేషన్ వెనక 150 ఏళ్ళ కథ

2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో అగ్నిపథ్ మీద, అంటే నాలుగేళ్ళకి సైన్యంలోకి తీసుకునే పథకం మీద జరిగిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది, బోగీలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడొకడు చనిపోయాడు. రెండ్రోజులకే ఢిల్లీలో ఆర్మీ అధికారులు ప్రెస్‌మీట్ పెట్టి, అప్లై చేసే ప్రతి ఒక్కరూ తాము విధ్వంసంలో పాల్గొనలేదని రాసివ్వాలి, పోలీస్ వెరిఫికేషన్ 100 శాతం ఉంటుంది, ఎఫ్ఐఆర్ ఉంటే చేరడం కుదరదు అని తేల్చేశారు. శిక్ష పడితే అనలేదు చూడండి, ఎఫ్ఐఆర్ ఉంటే అన్నారు. అసలు సమస్యంతా ఇక్కడే ఉంది.

గవర్నమెంట్ ఉద్యోగం వస్తే నింపే అటెస్టేషన్ ఫారం ఒకసారి చూడండి. ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, మీ మీద కేసు నడిచిందా, కస్టడీలో ఉన్నారా, జరిమానా పడిందా, శిక్ష పడిందా, ఇప్పుడేమైనా పెండింగ్ ఉందా, ఇలా వరసగా అడుగుతారు, ఏదైనా దాస్తే అనర్హులవుతారని పైన వార్నింగ్ కూడా ఉంటుంది. నిర్దోషిగా బయటపడ్డవాడు కూడా అరెస్ట్ అయ్యారా అన్నచోట అవును అనే రాయాలి.

మనిషి ఏం చేశాడన్నది పక్కన పెట్టి పోలీసు రిజిస్టర్‌లో పేరుందా లేదా అని చూసే ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1871లో బ్రిటిష్ వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు, కొన్ని కులాల్ని మొత్తానికి మొత్తంగా నేరస్తులుగా రాసేశారు. 1911 చట్టంతో అది మద్రాస్ ప్రెసిడెన్సీకి, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలకీ వచ్చింది. మన దగ్గర ఎక్కువ దెబ్బ తిన్నది ఎరుకలవాళ్ళు. వీళ్ళలో చాలామంది కోస్తా నుంచి లోపలి జిల్లాలకి పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకుని బతికినవాళ్ళు, ఉప్పు మీద సర్కారు పట్టు బిగించడం, రైళ్ళు రావడంతో ఆ వ్యాపారం పోయింది. బతుకుదెరువు పోయి ఊళ్ళు తిరిగేవాళ్ళని చూసి దొంగలన్నారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టిన స్టువర్ట్‌పురం సెటిల్‌మెంట్, అంటే ఇలాంటివాళ్ళని నిఘాలో ఉంచే కాలనీ, అలా పుట్టిందే, మద్రాస్ ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. రిజిస్టర్ అయినవాళ్ళ వేలిముద్రలు తీసుకునేవాళ్ళు, హాజరు వేయించుకోవాలి, బయటికి వెళ్ళాలంటే పాస్ ఉండాలి. చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు కావాల్సొస్తే ఈ సెటిల్‌మెంట్ నుంచే పంపేవాళ్ళు. అంటే పనికి మాత్రం పనికొస్తారు, నమ్మడానికి పనికిరారు. ఆ ఊరి పేరు చెప్పుకోడానికి తర్వాతి తరాలు కూడా ఇబ్బంది పడ్డాయంటే సినిమాలు చేసిన పాపమూ అందులో ఉంది.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కానీ రాష్ట్రాలు హ్యాబిచువల్ అఫెండర్స్, అంటే పదేపదే నేరాలు చేసేవాళ్ళ చట్టాలు పెట్టుకున్నాయి, ఆంధ్రప్రదేశ్ 1962లో పెట్టుకుంది. కులం పేరు తీసేసి మనిషి పేరు పెట్టారు, కానీ నిఘా అలవాటు మాత్రం పోలేదు. దీనికి పక్కనే రౌడీ షీట్ ఉంది, అది పోలీసుల స్టాండింగ్ ఆర్డర్స్‌తో, అంటే వాళ్ళ సొంత శాఖ ఆదేశాలతో నడిచే వ్యవహారం, ఒకసారి తెరిస్తే ఎప్పుడు మూస్తారో చెప్పలేం. 2024లో సుప్రీంకోర్టు ఢిల్లీ హిస్టరీ షీట్ల (పోలీసులు నిఘా పెట్టినవాళ్ళ రికార్డుల) కేసులో, వెనకబడ్డ వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా ఎక్కించకుండా చూడాలని అన్ని రాష్ట్రాలకీ చెప్పాల్సి వచ్చింది.

ఇల్లు అద్దెకి దొరకడం కూడా దీనితోనే ముడిపడి ఉంది. రాత్రిళ్ళు ఇంటికి వచ్చి తలుపు కొట్టి చూసే పద్ధతిని సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్ సింగ్ కేసులో కొట్టేసింది, అయినా షీట్ ఉన్నవాడి ఇంటికి పోలీసులు రావడం ఆగలేదు, ఒకసారి పోలీసు బండి గుమ్మం ముందు ఆగిందంటే ఓనర్ వచ్చేనెల ఖాళీ చేయమంటాడు, అద్దె అగ్రిమెంట్‌లో ఈ కారణం ఎక్కడా రాయరు. హైదరాబాద్ బస్తీల్లో పోలీసులు చుట్టుముట్టి ఇల్లిల్లూ వెతికే కార్డన్ సెర్చ్‌లు అందరూ చూసినవే, అదే పని గేటెడ్ కమ్యూనిటీల్లో ఎందుకు జరగదని అడగాల్సిందే.

ఉద్యోగాల విషయంలో కోర్టులు కొంచెం మెత్తబడ్డాయి, మళ్ళీ బిగుసుకున్నాయి. ఢిల్లీ పోలీస్‌లో హెడ్ కానిస్టేబుల్ పోస్టుకి అప్లై చేసి పాత కొట్లాట కేసు దాచిన కుర్రాడిని 2011లో సుప్రీంకోర్టు చిన్నతనపు పొరపాటుగా చూడాలంది, ఆ కేసు అప్పటికే రాజీతో కొట్టేశారు కూడా. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీలు గైడ్‌లైన్స్ ఇచ్చారు, చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిన్న కేసుల్ని పట్టించుకోకుండా వదిలేయొచ్చన్నారు, ఉన్నదున్నట్టు చెప్పినా ఉద్యోగం ఇవ్వమని బలవంతం పెట్టలేమని కూడా అన్నారు. 2021లో రాజస్థాన్ కానిస్టేబుల్ కేసులో అయితే, బెనిఫిట్ ఆఫ్ డౌట్ మీద, అంటే నేరం అనుమానం లేకుండా రుజువు కాలేదని బయటపడ్డంత మాత్రాన పోస్టు హక్కు కాదని చెప్పేశారు. సాక్షులు ఎదురు తిరిగితే కేసు కొట్టేస్తారు కదా, ఆ మచ్చ మాత్రం ముద్దాయి మీదే ఉంటుంది.

చట్టంలో రక్షణ అసలు లేదని కాదు. మైనర్‌గా ఉన్నప్పటి కేసైతే 2015 జువైనల్ జస్టిస్ యాక్ట్ సెక్షన్ 24 ప్రకారం మామూలుగా అనర్హత ఉండదు, రికార్డు కూడా తీసేయాలి, 16 దాటి ఘోర నేరం చేసిన కేసుల్లో మాత్రమే మినహాయింపు. జైలుకి పంపకుండా మంచి ప్రవర్తన షరతు మీదో మందలించో వదిలేసినవాళ్ళకి 1958 ప్రొబేషన్ చట్టం సెక్షన్ 12 కూడా శిక్షతో వచ్చే అనర్హతని తీసేస్తుంది. కానీ ఇంగ్లాండ్‌లో 1974 నుంచి ఉన్నట్టు, ఇన్నేళ్ళు గడిస్తే పాత శిక్ష లెక్కలోకి రాదు అని అందరికీ వర్తించే చట్టం మనకి లేదు. పైగా ఇప్పుడు పోలీసుల కంప్యూటర్ నెట్‌వర్క్ సీసీటీఎన్ఎస్‌లో ఎఫ్ఐఆర్‌లు, కోర్టుల వెబ్‌సైట్ ఈకోర్ట్స్‌లో కేసు వివరాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఐటీ కంపెనీల తరఫున బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసేవాళ్ళు పేరు, తండ్రి పేరు, అడ్రస్ కొట్టి వెతుకుతారు, మన దగ్గర శ్రీనివాస్, తండ్రి వెంకటేశ్వర్లు ఎంతమంది ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. అమెరికా వీసా ఫారంలో కూడా ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా అనే అడుగుతారు.

అందుకే కేసు కొట్టేసినవాళ్ళు జడ్జిమెంట్ సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసి పెట్టుకోండి, ఫారంలో దాచకుండా కేసు నంబర్, కోర్టు పేరు, తీర్పు తేదీ రాసి కాపీ జతచేయండి. దాచినందుకు ఉద్యోగం పోయినవాళ్ళే కోర్టుల్లో ఎక్కువ ఓడిపోతున్నారు, చెప్పినవాళ్ళకి కనీసం అవతార్ సింగ్ తీర్పు చూపించి వాదించే అవకాశమైనా ఉంటుంది.