వాపు తగ్గినా ఉబ్బరం ఎందుకు?

పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ మందులతో అదుపులోకి వచ్చాక కూడా చాలామందిని ఉబ్బరం, గ్యాసు, విరేచనాలు వదలవు. వ్యాధి తిరగబెట్టిందని హడలిపోయి కొందరు మందు డోసు పెంచమంటారు. ఇంకొందరు అన్నీ మానేసి మజ్జిగన్నంతో నెట్టుకొస్తారు. ఆ మజ్జిగలోనూ ఉబ్బరం తెచ్చే లాక్టోజ్ అనే పాలచక్కెర ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పరు.

ముందు పేగు వాపును పట్టిచ్చే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ మలంలో ఎంతుందో పరీక్ష చేయించాలి. గ్రాముకు 250 మైక్రోగ్రాములు దాటితే వాపు ఉందనే అనుమానించాలి. రక్తం పడుతున్నా, విరేచనానికి నిద్రలోంచి లేవాల్సి వస్తున్నా, బరువు తగ్గుతున్నా పథ్యంతో కాలయాపన చేయకూడదు. చిన్నపేగు చివరి భాగం తీసేసినవాళ్లకు పైత్యరస ఆమ్లాల వల్ల నీళ్ల విరేచనాలు కావచ్చు. దానికి మందు వేరు.

ఇవేవీ కాకపోతే ఫాడ్‌మ్యాప్‌ల వైపు చూడాలి. ఇవి చిన్నపేగులో సరిగా ఇంకని పిండిపదార్థాలు. పేగులోకి నీటిని లాగుతాయి, పెద్దపేగులో పులిసి గ్యాసవుతాయి. ఇది అందరికీ జరిగేదే. కానీ వాపుతో నలిగిన పేగు కాస్త సాగినా నొప్పి పుడుతుంది. లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు 2020లో ప్రచురించిన ప్రయోగంలో, 4 వారాలు వీటిని తగ్గించినవాళ్లలో 52 శాతం మందికి తగినంత ఉపశమనం దొరికింది. ఉత్తుత్తి పథ్యం చేసినవాళ్లలో అది 16 శాతమే.

మన వంటింట్లో చిక్కంతా ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కందిపప్పు, పాలతోనే. ఉల్లి, వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లనే ఫాడ్‌మ్యాప్‌లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి, తీసి పారేసి, ఆ నూనెతో తాలింపు పెడితే ఘుమఘుమ మిగులుతుంది, బాధ రాదు. అదే పులుసులో ఉడికిన ఉల్లిపాయ ముక్కను ఏరి పక్కన పెడితే ఏం లాభం? ఫ్రక్టాన్లు అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటాయి. కారప్పొడుల్లో దంచిన వెల్లుల్లి సంగతీ మరవొద్దు.

ఈ కట్టడి 4 నుంచి 6 వారాలే. ఆ ప్రయోగంలోనే కొన్ని మేలు చేసే బ్యాక్టీరియా తగ్గాయి కూడా. బరువు తక్కువున్నవాళ్లు డైటీషియన్ లేకుండా మొదలుపెట్టకూడదు.

తర్వాత ఒక్కొక్కటే తిరిగి తెచ్చుకోవాలి, మిగతా పథ్యం మార్చకుండా. వెల్లుల్లి అయితే మొదటిరోజు పావు రెబ్బ, రెండోరోజు అర, మూడోరోజు ఒకటి. పాలు పావు కప్పు, అర కప్పు, కప్పు. ఒకదానికీ మరోదానికీ మధ్య 2, 3 రోజుల ఎడం. ఆవకాయతో వెల్లుల్లిని పరీక్షించబోతే కారమో, నూనో, వెల్లుల్లో తేలదు. అర రెబ్బ పడి, ఒకటి పడకపోతే అర రెబ్బ దగ్గరే ఆగాలి, వెల్లుల్లిని మొత్తంగా మానక్కర్లేదు.