చేతికి మెషీన్ పెడితే మత్తు మాత్రలు మానేయొచ్చా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకావిడ కొడుకుని మా డీఅడిక్షన్ వార్డుకి తీసుకొచ్చి, సంచిలోంచి చిన్న మెషీన్ తీసి బల్ల మీద పెట్టారు. మోకాళ్ల నొప్పులకని కొన్న టెన్స్ మెషీన్, చర్మం మీద ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు ఇచ్చేది. "ఇది చేతికి పెడితే మాత్రలు మానేయొచ్చని ఫోన్లో చూశాం డాక్టరుగారూ, నిజమేనా?" కుర్రాడికి ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు అలవాటు, నల్లమందు జాతివే. ముక్కు కారుతోంది, ఆవులింత మీద ఆవులింత. బయట మండుటెండ, వాడి చేతుల మీద మాత్రం రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

ఆవిడ విన్నదాంట్లో సగం నిజం ఉంది. మాకు ఇబ్బందంతా మిగతా సగంతోనే.

అపోహ: ఇది షాక్ ట్రీట్‌మెంట్.

తలకి దీనితో సంబంధమే లేదు. బ్యాటరీతో నడిచే మెషీన్, సూదులు కూడా అక్కర్లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద ఒక ప్యాడ్, అరచేతిలో ఒకటి. ఇంకో జత మణికట్టుకి కాస్త పైన, లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి. చీమలు పాకినట్టు ఉంటుంది, వేళ్లు కొద్దిగా అదురుతాయి. అరగంటలో అయిపోతుంది.

అపోహ: ఇదంతా చైనావాళ్ల నమ్మకం, సైన్స్ ఏమీ లేదు.

1970ల మొదట్లో హాంకాంగ్‌లో హెచ్.ఎల్. వెన్ అనే న్యూరోసర్జన్, ఆపరేషన్ నొప్పి తెలియకుండా ఉండటానికి ఆక్యుపంక్చర్ సూదులకు కరెంటు ఇచ్చి చూస్తున్నారు. నల్లమందు అలవాటున్న రోగులకు విత్‌డ్రాయల్, అంటే మత్తు ఆగితే వచ్చే బాధ కూడా తగ్గడం గమనించారు. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. తర్వాత బీజింగ్‌లో హాన్ జిషెంగ్ దీని లోగుట్టు పట్టుకున్నారు. 2 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు రెండుసార్లు కరెంటు ఇస్తే, ఎన్‌కెఫలిన్, ఎండార్ఫిన్ లాంటి ఒంట్లోనే తయారయ్యే నొప్పి మందులు విడుదలవుతాయి, 100 హెర్ట్జ్ దగ్గర వెన్నుపాములో డైనార్ఫిన్ అనే అలాంటిదే ఇంకొకటి. రెండూ కావాలనే ఆయన మెషీన్ 3 సెకన్లు ఒకటి, 3 సెకన్లు ఇంకొకటి మార్చి మార్చి ఇస్తుంది.

అయితే చాలా ట్రయల్స్ చిన్నవి. పైగా చెయ్యి జివ్వుమంటుంటే అసలుదేదో ఉత్తుత్తిదేదో రోగికి ఇట్టే తెలిసిపోతుంది. అందుకే దీన్ని నేను వాడతాను గానీ గొప్పలు చెప్పను.

అపోహ: మెషీన్ ఉంటే మందులు అక్కర్లేదు.

ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. హెరాయిన్ మానేస్తే రెండో రోజుకో మూడో రోజుకో బాధ ముదిరి, వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. మెషీన్ పెట్టినా పెట్టకపోయినా అంతే. కానీ ఈలోగా పాత డోసు తట్టుకునే శక్తి పోతుంది. ఇంటికెళ్లి "ఒక్కసారే కదా" అని పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. దాన్నుంచి కాపాడేది, మత్తుమందు బదులు డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చే బుప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందులు కొనసాగించడమే. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2017లో చెవి దగ్గర తగిలించే ఇలాంటి పరికరానికే అనుమతిచ్చినప్పుడు కూడా, విత్‌డ్రాయల్ లక్షణాలు తగ్గించడానికనే చెప్పింది.

మెషీన్ అక్కరకొచ్చే చోటు వేరే ఉంది. బుప్రెనార్ఫిన్ తొందరపడి ఇస్తే విత్‌డ్రాయల్ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. లక్షణాలు తగినంత వచ్చేదాకా ఆగాలి. కంటిపాప, చెమట, ఆవులింతలు, నాడి... ఇలా 11 చూసి 48కి మార్కులు వేసుకుంటూ కూర్చుంటాం. పేషెంట్లు గోడ దూకేది ఆ గంటల్లోనే. మెషీన్ పనికొచ్చేది ఆ గంటలు ఓర్చుకోవడానికే.

అపోహ: ఇంట్లో ఎవరికైనా పెట్టుకోవచ్చు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి వద్దు. గర్భిణులు సొంతంగా ముట్టుకోవద్దు, మాత్రలు అర్ధంతరంగా ఆపనూ వద్దు. మద్యం మానేసి చేతులు వణుకుతున్నవాళ్లకి ఇది పెట్టి కూర్చుంటే ఈలోపు ఫిట్స్ రావచ్చు. వాళ్లని నేరుగా ఆసుపత్రికి తీసుకురండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి.

ఆ కుర్రాడి స్కోరు అప్పటికి తక్కువే. మా మెషీనే పెట్టాం. అరగంటకి కాళ్లు లాగడం తగ్గిందన్నాడు, ముక్కు మాత్రం కారుతూనే ఉంది. సాయంత్రానికి స్కోరు పెరిగాక నాలుక కింద బుప్రెనార్ఫిన్ మాత్ర పెట్టాం. వాళ్లమ్మ తన మెషీన్ మళ్లీ సంచిలో పెట్టేసుకున్నారు, మోకాళ్లకి పనికొస్తుందని.