తగ్గిపోయిన జ్ఞానదంతం నొప్పి మళ్లీ ఎందుకొస్తుంది?

"నిద్ర పట్టనివ్వని జ్ఞానదంతం నొప్పి దానంతటదే తగ్గిపోయింది, ఇక డాక్టర్ దగ్గరికి వెళ్లక్కర్లేదు కదా?" అని చాలామంది అడుగుతుంటారు. వెళ్లాలి. ఎందుకంటారా, ఆ పన్ను చుట్టూ జరిగేది చూస్తే తెలుస్తుంది. దంతవైద్యంలో నన్ను ఇంతగా ఆకట్టుకున్న విషయం ఇంకోటి లేదు.

సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వచ్చే ఈ పన్నుకు దవడలో చోటు చాలకపోతే సగం పైకొచ్చి ఆగిపోతుంది. మిగతా సగం మీద చిగురు మూతలా ఉండిపోతుంది. ఆ సందులో మెతుకులు ఇరుక్కుంటాయి, బ్రష్ అక్కడిదాకా పోదు, గాలి తగలని చోట పెరిగే బాక్టీరియాకు ఇంకేం కావాలి! చిగురు వాస్తుంది. వాచి ఎత్తు పెరిగిన చిగురును నమిలినప్పుడల్లా పైపన్ను కొరుకుతుంది, దాంతో ఇంకా వాస్తుంది, సందు మూసుకుపోయి లోపలి చీము బయటికి రాలేదు, నొప్పి చెవిదాకా లాగుతుంది, నమిలే కండరాలు బిగుసుకుపోయి నోరు తెరవడమే కష్టమవుతుంది. ఎప్పుడో సందు కాస్త తెరుచుకుని చీము కారిపోతుంది, నోరంతా చేదు, నొప్పి మాత్రం హాయిగా తగ్గిపోతుంది. కానీ ఆ మూత ఎక్కడికీ పోలేదు, మళ్లీ మెతుకులు చేరడమే తరువాయి.

అందుకే డాక్టర్ ముందు ఆ సందును కడుగుతారు. జ్వరం, పాకుతున్న వాపు లాంటివి ఉంటేనే యాంటీబయాటిక్ అవసరం, ఊరికే మందుల షాపులో అడిగి వేసుకోవద్దు. ఇంట్లో అయితే గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడం, కడుపులో అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా, గర్భం లాంటివి లేకపోతే నొప్పి తగ్గించే ఐబుప్రోఫెన్. లవంగనూనెలోని యూజినాల్ కాసేపు మొద్దుబారుస్తుంది గానీ నేరుగా పోస్తే చిగురు కాలుతుంది. మింగడం, ఊపిరి తీయడం కష్టమైనా, నాలుక కింద వాచినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లిపోవాలి.

మరి తీయించాలా? ఏ ఇబ్బందీ పెట్టని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్తగా తీయక్కర్లేదని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2000లోనే చెప్పింది. మళ్లీ మళ్లీ వాస్తున్నా, దానివల్ల పక్క పన్ను పుచ్చుతున్నా మాత్రం తీయించుకోవడమే మేలు. పన్ను తీస్తే చూపు పోతుందన్న భయం ఇంకా వినిపిస్తూనే ఉంటుంది, బాధేస్తుంది. చూపు రెండో కపాల నరం (మెదడు నుంచి నేరుగా వచ్చే నరాల్లో రెండోది) పని, పళ్లకు వెళ్లేవి ఐదో నరం కొమ్మలు, రెంటికీ సంబంధం లేదు. అసలు చూసుకోవాల్సింది కింది దవడలోని నరం. అది దెబ్బతింటే పెదవి, గడ్డం తిమ్మిరెక్కుతాయి, అరుదుగా అలాగే ఉండిపోతాయి. అందుకని ఎక్స్‌రే తీశాక వేర్లు నరానికి ఎంత దగ్గరగా ఉన్నాయో డాక్టర్‌ని అడగండి. మరీ ఆనుకుని ఉంటే వేర్లు వదిలేసి పైభాగం మాత్రమే తీసే కరొనెక్టమీ మీకు కుదురుతుందేమో కూడా అడగండి.