ఏడిస్తే ఎవరొస్తారు?

పుట్టినరోజుకో, పెద్దల జ్ఞాపకార్థమో అనాథాశ్రమంలో భోజనాలు పెట్టించడం మన ఊళ్లలో అలవాటు. దుప్పట్లు, నోటు పుస్తకాలు పంచుతాం. మంచి పనే. అయితే కడుపు నిండి, బడికి వెళ్తుంటే ఆ పిల్లలకు ఇంకేం లోటు అనే ఆలోచన కూడా మనలో ఉంటుంది. ప్రభుత్వాలు కూడా చాలాకాలం అలాగే అనుకున్నాయి. అది తప్పని గట్టిగా రుజువు చేయడానికి పరిశోధకులకు దాదాపు అరవై ఏళ్లు పట్టింది.

1945లో రెనే స్పిట్జ్ అనే వైద్యుడు రెండు చోట్ల పెరుగుతున్న పసిపిల్లల్ని పోల్చి చూశాడు. ఒకటి అనాథ శిశువుల ఆశ్రమం. శుభ్రమైన గదులు, సరైన ఆహారం, వైద్యుల తనిఖీలు అన్నీ ఉన్నాయి. రెండోది ఆడవాళ్ల జైలు. అక్కడ ఖైదీ తల్లులే తమ బిడ్డల్ని సాకుతున్నారు. ఆశ్రమంలో ఏడెనిమిది మంది పిల్లలకు ఒక్క నర్సు. తొట్ల చుట్టూ దుప్పట్లు వేలాడదీసేవారు. పక్క తొట్టిలో ఉన్న బిడ్డ కూడా కనపడదు, కళ్లు తెరిస్తే పైకప్పే. జైల్లో పిల్లలు అందరిలాగే నడక, మాటలు నేర్చుకున్నారు. ఆశ్రమంలో రెండేళ్లలో మూడో వంతుకు పైగా చనిపోయారు. బతికినవాళ్లలో చాలామందికి నడకా మాటా సరిగా రాలేదు.

1951లో జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో ఇదే చెప్పాడు: పసిబిడ్డ మనసు బాగుండాలంటే తల్లో, తల్లి స్థానంలో నిలకడగా ఉండే ఒక మనిషో కావాలని. ఈ మాటను తల్లులు ఉద్యోగాలకు వెళ్లకూడదని చెప్పడానికి వాడుకున్నవాళ్లూ ఉన్నారు, అది వేరే గొడవ. అసలు అనుమానం మాత్రం మిగిలే ఉంది. ఆశ్రమాలకు చేరే పిల్లలు పుట్టుకతోనే బలహీనులేమో, తప్పు ఆశ్రమానిది కాదేమో అని.

దానికి జవాబు రుమేనియాలో దొరికింది. అక్కడి పాలకుడు చౌషెస్కు జనాభా పెంచాలని 1966లో గర్భస్రావాలను దాదాపుగా నిషేధించాడు. పేదరికంలో ఉన్న కుటుంబాలు పెంచలేని పిల్లల్ని సర్కారు ఆశ్రమాలకు అప్పగించాయి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలేసరికి లక్షకు పైగా పిల్లలు వాటిలో ఉన్నారు. లోపలికి వెళ్లి చూసినవాళ్లను ఎక్కువగా కలచివేసింది ఆ గదుల్లోని నిశ్శబ్దం. వరసగా తొట్లు, వాటి నిండా పసివాళ్లు, ఏడుపు మాత్రం వినపడదు. ఏడిస్తే ఎవరూ రారని వాళ్లకు అప్పటికే తెలిసిపోయింది.

2000లో చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అధ్యయనం మొదలుపెట్టారు. ఆరు ఆశ్రమాల నుంచి 136 మంది పిల్లల్ని తీసుకున్నారు. అందరూ ఆరు నెలల నుంచి 31 నెలల లోపువాళ్లే. లాటరీ పద్ధతిలో సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకు, అంటే దత్తత కాకుండా బిడ్డను తమ ఇంట్లో ఉంచుకుని సాకే కుటుంబాలకు, పంపారు. ఆ నగరంలో అప్పటికి ఫోస్టర్ ఏర్పాటు లేనట్టే, కుటుంబాల్ని వెతికి శిక్షణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మిగతా సగం ఆశ్రమాల్లోనే ఉన్నారు. ఇక్కడ నాకూ మనసు చివుక్కుమంటుంది. అధ్యయనం కోసం ఏ బిడ్డకూ ఇల్లు దొరికే అవకాశం ఆపకూడదని వాళ్లు నియమం పెట్టుకున్నారు, తర్వాత చాలామంది బయటికి వెళ్లారు కూడా. అయినా ఆ లాటరీ సరైనదేనా అన్న చర్చ ఇంకా ఆగలేదు.

ఫలితాలు స్పష్టంగా వచ్చాయి. కుటుంబాలకు వెళ్లిన పిల్లల తెలివితేటలు పెరిగాయి. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు మనుషులతో బాగా దగ్గరయ్యారు. నాలుగున్నరేళ్లు వచ్చేసరికి ఆందోళన, దిగులు లాంటి సమస్యలు ఆశ్రమంలో ఉన్నవాళ్లతో పోలిస్తే సగానికి సగం తక్కువ. కుదురులేనితనం మాత్రం అంతగా తగ్గలేదు. అంటే ఇల్లు దొరికినా అన్నీ నయం కావు, ఆ పిల్లలకు విడిగా చికిత్స, సాయం కావాల్సిందే. 2004లో రుమేనియా చట్టం తెచ్చి, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లను మినహాయించి, రెండేళ్లలోపు పిల్లల్ని ఆశ్రమాల్లో పెట్టడాన్ని నిషేధించింది.

మన దగ్గర కథ వేరేగా నడిచింది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పట్లో వర్తించిన 1920 నాటి మద్రాసు బాలల చట్టం ఎక్కువగా నేరం, దేశదిమ్మరితనం చుట్టూనే తిరిగింది. పిల్లల మనసు చట్టంలోకి రావడానికి చాలాకాలం పట్టింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ఆశ్రమంలో ఉంచడాన్ని చిట్టచివరి మార్గం అంది. హోముల్లో ఇవ్వాల్సిన సేవల్లో మానసిక ఆరోగ్య చికిత్సను, కౌన్సెలింగ్‌ను చేర్చింది. 2020లో కేంద్రం బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ‘సంవాద్’ అనే విభాగం పెట్టి, హోముల సిబ్బందికి శిక్షణ మొదలుపెట్టింది.

అయితే కౌన్సెలర్ పోస్టు మంజూరైనంత మాత్రాన పిల్ల నోరు విప్పదు. అమ్మ గురించి చెప్పడానికి ఆర్నెల్లు పట్టే పిల్ల ఉంటుంది. కౌన్సెలర్‌దేమో కాంట్రాక్టు ఉద్యోగం. ఆమె మారితే పాప కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. రెండోసారి చాలామంది చెప్పరు.

2016-17లో కేంద్రం చేయించిన లెక్కలో దేశమంతటా 9,589 పిల్లల సంరక్షణ సంస్థలు, వాటిలో సుమారు 3.7 లక్షల మంది పిల్లలు తేలారు. వాళ్లలో అనాథల కన్నా తల్లో తండ్రో ఉన్నవాళ్లే చాలా ఎక్కువ. అలాంటి బిడ్డను ఇంట్లోనే ఉంచి చదివించడానికి కేంద్రం పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. బిడ్డను హోములో దించి వెళ్లే ఒంటరి తల్లికి ఆ సంగతి గేటు దగ్గర కాదు, ఇంటి దగ్గరే చెప్పే మనిషి కావాలి.